బొమ్మలో రంపం తప్పు, కథలో మిల్లు లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

అమెరికా తొలి వలసల గురించి మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న వ్యాసాలను మొదటి నుంచీ వదలకుండా చదువుతున్నాను. పోయిన వారం భాగానికి వేసిన బొమ్మ చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. వ్యాసం 1630ల నాటి న్యూ ఇంగ్లండ్, అంటే అమెరికా ఈశాన్య తీరం గురించి. బొమ్మలో ఏటి ఒడ్డున ఒక కొట్టం, కొట్టంలో ఒక దుంగ, దుంగ ముందు మనిషి నడుమెత్తున గుండ్రటి రంపం. ఆ కాలపు మిల్లుల్లో గుండ్రటి రంపం లేదు. ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ దాని మీద పేటెంటు పుచ్చుకున్నది 1777లో. అమెరికా మిల్లుల్లో అది మామూలు సరంజామా అయ్యేసరికి 1840లు వచ్చేశాయి. 1630ల్లో దుంగలు కోసింది నిలువు రంపం. దాన్ని కర్ర చట్రంలో బిగిస్తారు. నీటి చక్రం తిరుగుతుంటే చట్రంతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. బొమ్మ వేసినవారికి ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. రంపం పని చేసినవాడికి ఇది రెండు వందల ఏళ్ల తేడా.

నేను కోతమిల్లులో దుంగలు దొర్లించే కుర్రాడిగా చేరి, రంపం పళ్లు తీర్చి పదును పెట్టే మేస్త్రీగా పని విరమించాను. నా పనికి పూర్వకథ ఏమిటో తెలుసుకోవాలన్న ఆశతో దొరికిన పుస్తకమల్లా చదివాను. బొమ్మ సంగతి ఒక సవరణ వేస్తే సరిపోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది రాత. ఇంతవరకు వచ్చిన భాగాల్లో ఓడల గురించి ఉంది, చర్చిల గురించి ఉంది, తుపాకులు, పొగాకు, గొడ్డళ్లు అన్నీ ఉన్నాయి. కోతమిల్లు మాట మాత్రం ఒక్క వాక్యంలోనూ రాలేదు. ఆ వలసల్లో చాలా ఊళ్లకు కోతమిల్లే పునాది. ఊరు ఎక్కడ వెలవాలో, అందులో ఎవరి మాట చెల్లాలో, ఎవరి నోటి దగ్గర కూడు పోవాలో కూడా చాలాచోట్ల మిల్లే తేల్చింది. అది లేకుండా ఆ కథ చెబితే సగం చెప్పినట్టే.

అడవిలో దిగిన మనిషి చేతిలో గొడ్డలి ఉంటే చెట్టు కూలుతుంది. దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు లేపుకోవచ్చు. ఆ గూటికి నేల మట్టిదే, తలుపు చీల్చిన చెక్కలదే. అందులో ఒక చలికాలం ఎలాగో గడుపుతారు. ఆ తర్వాత ఇంటికి చెక్క నేల కావాలి, పైకప్పు కావాలి. గొడ్లకు కొట్టం, ధాన్యానికి గాదె, ఏరు దాటడానికి పడవ, వాగు మీద వంతెన కావాలి. బల్ల, పెట్టె, మంచం, ఊయల, శవపేటిక, దేనికైనా పలకే. గొడ్డలి దుంగను ఇస్తుంది, చెక్కుకుంటే దూలాన్ని ఇస్తుంది. పలకను ఇవ్వదు. పలక కోసం రంపం కావాలి.

చేతి కోత ఎలా ఉంటుందో నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. దుంగను గుంత మీద అడ్డంగా పెడతారు. పైన ఒకడు నిలబడతాడు, గుంతలో ఒకడు దిగుతాడు. పొడవాటి రంపానికి రెండు వైపులా పిడులు. పైవాడు సుద్ద గీత తప్పకుండా చూసుకుంటాడు, కిందివాడు బలమంతా పెట్టి లాగుతాడు. రంపపు పొట్టు అంతా కిందివాడి కళ్లలో, నోట్లో పడుతుంది. అలా ఇద్దరు రోజంతా కష్టపడితే 100 నుంచి 200 అడుగుల పలక వచ్చేది. ఇక్కడ అడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న ముక్క అని లెక్క. ఏటి మీద నిలువు రంపం మిల్లు పెడితే ఒక కోతగాడు, సాయానికి ఒక కుర్రాడు కలిసి రోజుకు 500 నుంచి 1000 అడుగులు కోసేవారు. 1000 అడుగులంటే మన కలప లెక్కలో 83 ఘనపుటడుగుల పైచిలుకు. చెట్లు అంతులేనన్ని, చేతులు పట్టుమని పదైనా లేని చోట ఈ తేడా ఎంత పెద్దదో ఆలోచించండి.

ఇందులో నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. ఆ వలసలకు మనుషులను పంపిన ఇంగ్లండులోనే కోతమిల్లులు దాదాపు లేవు. పక్కనే హాలండులో కోర్నెలిస్ కోర్నెలిజూన్ అనే ఆయన 1593లోనే గాలిమరతో నడిచే కోతమిల్లుకు పేటెంటు పొందాడు. జాన్ నది పక్కన అలాంటి మిల్లులు బారులు తీరాయి. డచ్ ఓడల పలకలు చాలావరకు అక్కడే తెగాయి. జర్మనీలో నీటి కోతమిల్లులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఇంగ్లండులో మాత్రం చేతి కోతగాళ్లు తమ కూటికి ఎసరు వస్తుందని గట్టిగా ఎదురు తిరిగారు. 1768 మేలో లండన్ పక్కన లైమ్‌హౌస్‌లో చార్లెస్ డింగ్లీ కట్టిన గాలి కోతమిల్లు మీదికి కోతగాళ్లు గుంపుగా వచ్చి దాన్ని ధ్వంసం చేశారు. నేను ఆ కోతగాళ్లను తప్పుపట్టను. అక్కడ చేతులు ఎక్కువ, అడవి తక్కువ. ఆ గుంతలో పనే వాళ్ల పిల్లలకు అన్నం పెట్టేది.

ఇంగ్లండులో మిల్లులు లేని ఫలితం అంతకు చాలా ముందే సముద్రానికి అవతల కనిపించింది. వర్జీనియాలో దిగినవాళ్ల చుట్టూ అడవే, వాళ్లలో కోతమిల్లు కట్టడం తెలిసినవాడు కరువు. అందుకే వర్జీనియా కంపెనీ 1620లో జర్మనీలోని హాంబర్గ్ నుంచి మిల్లు మేస్త్రీలను పిలిపించుకుంది. లండన్ మూక కూలగొట్టిన యంత్రాన్నే వలస ఊళ్లు భూములిచ్చి మరీ ఆహ్వానించాయి.

మీ వ్యాసం చెప్పిన 1630ల్లోనే, ఇప్పుడు మెయిన్ రాష్ట్రంలో సౌత్ బెర్విక్ ఉన్న చోట ఒక మిల్లు లేచింది. 1634 జులైలో పైడ్ కౌ అనే ఓడలో వడ్రంగులు వచ్చారు. జాన్ మేసన్ అనే పెట్టుబడిదారు వాళ్లను ఒప్పందం మీద పంపాడు. జలపాతం పక్కన కోతమిల్లు కట్టారు. ఆ ప్రాంతంలో తొలి నీటి కోతమిల్లుల్లో అదొకటి. 1650 దాటాక రిచర్డ్ లీడర్ అనే ఆయన వచ్చి అదే ఏటి మీద ఒక్క రంపం కాదు, ఇరవై దాకా రంపాలు ఒకేసారి ఆడే మిల్లు పెట్టాడు. ఆ ఏటికి గ్రేట్ వర్క్స్ అన్న పేరు అలాగే స్థిరపడింది. అక్కడ దుంగలు మోసింది ఎవరనుకున్నారు? 1650 సెప్టెంబరులో డన్‌బార్ యుద్ధంలో ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సేనకు పట్టుబడిన స్కాట్లండ్ సైనికుల్లో కొందరు. యూనిటీ అనే ఓడలో ఎక్కించి వాళ్లను న్యూ ఇంగ్లండుకు తరలించి, కొన్నేళ్ల వెట్టి కింద అమ్మారు. గడువు తీరాక వాళ్లలో పలువురు అక్కడే భూమి సంపాదించి ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్ల పలకలు ఏ మిల్లువో వేరే చెప్పనక్కర్లేదు. వలస వచ్చినవాళ్లంటే మతస్వేచ్ఛ కోసం వచ్చినవాళ్లు, వ్యాపారం కోసం వచ్చినవాళ్లు అని రెండు రకాలుగా మీ వ్యాసం రాసింది. బేడీలతో వచ్చి మిల్లు పొట్టులో ఏళ్లు గడిపిన వీళ్లకు కూడా అందులో చోటు దక్కాలి.

మసాచుసెట్స్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ అనే ఆరుబయటి మ్యూజియంలో నిలువు రంపం మిల్లును చూశాను. పాత మిల్లు నమూనాలో కొత్తగా కట్టినది. నీళ్లతోనే నడుస్తుంది. తూము తెరవగానే కింద చక్రం కదిలింది, చక్రం తిరుగుడును పైకీ కిందికీ ఆటగా మార్చే వంకర కడ్డీ, అదే క్రాంకు, తిరిగింది, చట్రం ఆడడం మొదలుపెట్టింది. రంపం కిందికి దిగేటప్పుడే కోస్తుంది. చట్రం ఆడిన ప్రతిసారీ ఒక కొక్కెం పళ్ల చక్రాన్ని ఒక్క పన్ను తిప్పుతుంది, దాంతో దుంగ కట్టిన బండి పిసరంత ముందుకు జరుగుతుంది. నేను పనిచేసిన బ్యాండ్ సా, అంటే పట్టీలా చుట్టూ తిరిగే రంపం, ఆపకుండా కూసేది. ఇది ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ కోస్తుంది. మా అల్లుడు ఫొటోలు తీసుకుని బయటికి వెళ్లిపోయినా నేను అక్కడే ఉండిపోయాను. పళ్ల వాలు చూశాను. కోత దారిలో రంపం ఇరుక్కోకుండా పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి ఉన్నాయి. మేమూ అలాగే వంచేవాళ్లం. ఖండాలు దాటినా, శతాబ్దాలు దాటినా కర్ర అడిగేది అదే.

ఒక విషయం అక్కడే అర్థమైంది. బండి ఒక హద్దు దాటి జరగదు కాబట్టి దుంగ చివరిదాకా కోత వెళ్లదు. కొన్ని అంగుళాలు వదిలేస్తారు. పలకలన్నీ ఆ చివర అతుక్కునే ఉంటాయి, తర్వాత వాటిని చీల్చి విడదీస్తారు. పాత ఇంటి అటకలో పలక ఒక చివర చీలిన గుర్తు ఉండి, ఒంటి మీద సమానంగా నిలువు గీతలు ఉంటే అది నిలువు రంపం కోసిన పలక. గీతలు వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపానిది, తర్వాతి కాలానిది. కాగితం లేని ఇంటి వయసును ఒక అంచనాగా పలకే చెబుతుంది.

ఆ మిల్లులో దాదాపు అంతా కర్రే. చక్రం కర్ర, చట్రం కర్ర, బండి కర్ర. రంపం రేకు, క్రాంకు, దుంగను పట్టే కొక్కేలు, ఇంకో నాలుగైదు ముక్కలు మాత్రం ఇనుము. ఆ కాసింత ఇనుము కోసమే ఊళ్లు ఓడ దారి చూసేవి. న్యూయార్క్ రేవులో గవర్నర్స్ ఐలండ్ మీద డచ్ కంపెనీ 1620ల్లో గాలి కోతమిల్లు పెట్టింది. అది శిథిలమైపోతే, విప్పడం కుదరకపోతే తగలబెట్టి ఇనుమైనా ఏరుకోమని 1648లో ఆదేశం వచ్చింది.

నీటి మీద బతికే మిల్లు కాబట్టి దాని పని ఏటి చేతిలో ఉంటుంది. ఎండల్లో నీరు తగ్గితే ఆగుతుంది, చలికి గడ్డకడితే ఆగుతుంది. చలికాలమంతా మంచు మీద ఎడ్లతో దుంగలు లాగించి మిల్లు దగ్గర గుట్ట వేసుకునేవారు. మంచు కరిగి ఏరు పొంగే రోజుల్లో రాత్రీ పగలూ కోసేవారు. రైతు తన దుంగలు తోలుకొస్తే కోతకూలి డబ్బుగా ఇవ్వడం అరుదు, డబ్బు ఎవరి దగ్గర ఉంది గనక? కోసిన పలకలో సగం రైతుకు, సగం మిల్లుకు. ఆ సగాన్ని మిల్లువాడు రేవుకు పంపి అమ్ముకునేవాడు. ఊరికీ బయటి ప్రపంచానికీ మొదటి బేరం చాలాచోట్ల అలా మొదలైంది.

అందుకే కొత్త ఊరు వేసేవాళ్లు ముందు నీటి దిగువ చూసుకునేవారు. ఏరు ఎక్కడ ఎత్తు నుంచి దూకుతుందో అక్కడ ఆనకట్ట, ఆనకట్ట పక్కన కోతమిల్లు, దాని పక్కనే పిండిమిల్లు. మిల్లు కట్టేవాడికి ఆ నీటి మీద హక్కు, కొంత భూమి ఇస్తామని ఊరి సభ తీర్మానించేది. ఫలానా గడువులో రంపం ఆడించాలని, ఊరివాళ్ల దుంగలకు ముందు వంతు ఇవ్వాలని షరతులు పెట్టేది. 1840 నాటి జనగణన లెక్కల్లో అమెరికా అంతటా ముప్పై వేలకు పైగా కోతమిల్లులు తేలాయి. ఇప్పుడు మహానగరంగా ఉన్న మినియాపొలిస్‌నే తీసుకోండి. అక్కడి సెయింట్ ఆంథొనీ జలపాతం దగ్గర 1820ల ఆరంభంలో కోట సైనికులు పెట్టిన కోతమిల్లే మొదటిది.

1845లో వాయవ్య తీరంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దగ్గరికి చేరిన అమెరికన్ కుటుంబాల కథ కూడా చెప్పాలి. అందులో జార్జ్ బుష్ అనే నల్లజాతి రైతు కుటుంబం ఉంది. ఆరిగన్‌లో నల్లవాళ్లు ఉండకూడదని అక్కడి తాత్కాలిక ప్రభుత్వం చట్టం చేయడంతో ఆ బృందం ఆయన్ను విడిచిపెట్టకుండా కొలంబియా నది దాటి ఉత్తరానికి వెళ్లింది. వాళ్లు ఆగింది టమ్‌వాటర్ జలపాతం దగ్గర. రెండు మూడేళ్లలో అక్కడ పిండిమిల్లు, ఆ వెనకే కోతమిల్లు లేచాయి.

సియాటెల్ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. 1851 నవంబరులో కొన్ని కుటుంబాలు ఆ తీరంలో దిగాయి. శాన్ ఫ్రాన్సిస్కో రేవుకు కావలసిన కర్ర స్తంభాలు నరికి ఓడలకు అమ్ముకుంటూ బతికాయి. 1852 అక్టోబరులో హెన్రీ యెస్లర్ ఆవిరి కోతమిల్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరి భూమి హద్దులు వాళ్లు అప్పటికే రాసుకున్నారు. అయినా ఆయన పక్క ఊరికి వెళ్లిపోతాడేమోనన్న భయంతో కార్సన్ బోరెన్, డాక్టర్ మేనార్డ్ తమ హద్దులు జరుపుకొని, తీరం నుంచి కొండ దాకా ఒక పట్టీ ఆయనకు విడిచిపెట్టారు. 1853 మార్చి నెలాఖరుకు రంపం తిరిగింది. కొండ మీది దుంగలను ఆ పట్టీ వెంట కిందికి జార్చారు. ఇప్పుడు అది యెస్లర్ వే అనే వీధి. మిల్లు పనివాళ్లకు వండిపెట్టే దుంగల ఇల్లే ఊరికి సభాస్థలం, కోర్టు, ప్రార్థనా మందిరం అయింది. మిల్లు పొట్టును తీరంలోని బురదలో నింపి నేల చేశారు. ఆ మిల్లులో పనిచేసినవాళ్లలో అక్కడి ఆదివాసులైన దువామిష్ తెగవాళ్లు ఎందరో ఉన్నారు. కోసింది వాళ్ల అడవినే, నింపింది వాళ్లు ఆల్చిప్పలు ఏరుకునే తీరాన్నే.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగి చెప్పాల్సింది ఉంది. కోతమిల్లు గొప్పతనం మాత్రమే రాయమని నేను అడగడం లేదు. మిల్లు ఊరిని నిలబెట్టినంత నిజంగా ఇతరుల బతుకును కూల్చింది కూడా. 1730ల్లో మెయిన్‌లోని ప్రిసమ్‌స్కాట్ నది మీద కర్నల్ థామస్ వెస్ట్‌బ్రూక్ మిల్లుల కోసం ఆనకట్ట కట్టించాడు. ఆయన ఇంగ్లండు రాజు నౌకాదళానికి తెరచాప స్తంభాలు సరఫరా చేసే ఏజెంటు. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలకు దారి మూసుకుపోయింది. ఆ చేపల మీద బతికే అబెనాకీ అనే ఆదివాసీ ప్రజల నాయకుడు పోలిన్ 1739లో బోస్టన్ దాకా వెళ్లి గవర్నర్ జొనాథన్ బెల్చర్ ఎదుట నిలబడ్డాడు. ఆనకట్ట పడగొట్టమని కూడా అడగలేదు. చేపలు వచ్చే కాలంలో వాటికి దారి విడవమన్నాడు. గవర్నర్ న్యాయమేనని ఒప్పుకున్నాడు. నది దగ్గర ఆ మాట ఎవరూ పాటించలేదు. తర్వాత యుద్ధాలు వచ్చాయి, 1756లో పోలిన్ కాల్పుల్లో చనిపోయాడు. ఆ నది మొగలో ఉన్న స్మెల్ట్ హిల్ ఆనకట్టను చివరికి 2002లో తొలగించారు. ఒక మనిషి అడిగిన చిన్న న్యాయం రెండున్నర శతాబ్దాలు ఆగింది. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కోసిన దుంగలు ఏ అడవివో, ఆ అడవిలో ఎవరుండేవారో నా సర్వీసులో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

రాజుకూ మిల్లుకూ మధ్య కూడా తగాదా నడిచింది. నిటారుగా పెరిగిన తెల్ల పైన్ చెట్లు నౌకాదళానికే చెందుతాయని చట్టం. న్యూ హాంప్‌షైర్‌లో 12 అంగుళాల వ్యాసం దాటిన చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. 1772లో వీర్ అనే ఊరి మిల్లు ఆవరణలో 17 నుంచి 36 అంగుళాల దుంగలు 270 దొరికాయని అధికారులు జరిమానా వేశారు. కట్టనన్న ఎబెనేజర్ మడ్జెట్‌ను పట్టుకోవడానికి షెరీఫ్ వచ్చి ఆ రాత్రి సత్రంలో బస చేశాడు. తెల్లవారకముందే మసి పూసుకున్న ముఖాలతో మనుషులు గదిలోకి దూరి, ఆయన్నూ ఆయన సహాయకుణ్ణీ బెత్తాలతో కొట్టి తరిమేశారు. తర్వాత పట్టుబడినవాళ్లకు కోర్టు వేసిన శిక్ష తలా 20 షిల్లింగులు. బోస్టన్ రేవులో టీ పెట్టెలు విసిరింది దీని తర్వాత ఏడాదిన్నర దాటాక. టీ సంగతి మన పిల్లల పుస్తకాల్లో కూడా ఉంది. వీర్ సంగతి మీరు రాస్తే ఒక్కరైనా కొత్తగా తెలుసుకుంటారు.

పలకలు చౌకయ్యాక ఇళ్లు కట్టే తీరే మారింది. 1830ల్లో చికాగోలో బరువైన దూలాలు మానేసి, మిల్లులో ఒకే సైజున కోసిన సన్నటి పట్టీలను మేకులతో కొట్టి ఇల్లు నిలబెట్టే పద్ధతి వచ్చింది. పెద్ద వడ్రంగి లేకపోయినా ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు లేపుకోగలిగారు. ఆ పట్టీలు మిషిగన్, విస్కాన్సిన్ అడవుల నుంచి సరస్సు మీదుగా వచ్చేవి. 1871 అక్టోబరు 8న చికాగో తగలబడింది. అదే రాత్రి విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కోతమిల్లు ఊరు కాలి బూడిదైంది. ఆ వానలేని ఏడాది అడవి నిండా నరికి వదిలేసిన కొమ్మలు, ఊళ్లో పలకల ఇళ్లు, పలకల కాలిబాటలు, ఎక్కడ చూసినా రంపపు పొట్టు. ఆ చుట్టుపక్కల 1200 మందికి తక్కువ కాకుండా చనిపోయారు, మరెందరో అని కూడా అంటారు. ఏట్లో దిగినవాళ్లు కొందరు మిగిలారు. లోకానికి చికాగో గుర్తుంది, ప్రాణాలు ఎక్కువ పోయింది మాత్రం పెష్టిగోలో. పొట్టు ఎంత త్వరగా అంటుకుంటుందో మిల్లులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. మా మిల్లులో సాయంత్రం ఊడ్చకుండా ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు.

కాలిన ఊళ్లను మళ్లీ కట్టడానికి పలక కావాలి గనక మిషిగన్‌లో కలమజూ నది మొగలోని సింగపూర్ అనే మిల్లు ఊరు రాత్రింబవళ్లు కోసింది. చుట్టూ చెట్టన్నది లేకుండా పోయింది. 1875 నాటికి మిల్లు మూతపడింది. గాలికి అడ్డం లేక సరస్సు ఒడ్డు ఇసుక కదిలి ఆ ఊరిని కప్పేసింది. అడవి అయిపోయిందని మిల్లువాళ్లు ఇంకో చోటికి వెళ్లారు. ఇలా వెలసి, ఇలా పోయిన ఊళ్లు ఆ దేశంలో చాలా ఉన్నాయి. వాటి పేర్లు పటాల్లో కూడా ఉండవు కాబట్టి వ్యాసాల్లోనైనా ఉండాలి.

మీ వచ్చే భాగం కాలిఫోర్నియా బంగారం గురించి అని ప్రకటించారు. దయచేసి ఈసారి మిల్లును వదలకండి. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ కొలోమాలో బంగారం కోసం తవ్వడం లేదు. జాన్ సట్టర్ కోసం అమెరికన్ నది దక్షిణ పాయ మీద కోతమిల్లు కడుతున్నాడు. చక్రం కింది నుంచి నీరు పోయే కాలువ లోతు చాలలేదు, నీరు వెనక్కు తంతే చక్రం సరిగ్గా తిరగదు. అందుకని పగలు రాళ్లు తవ్వి, రాత్రి నీళ్లు వదిలి మట్టి కొట్టుకుపోయేలా చేస్తున్నారు. పొద్దున్నే నీళ్లు కట్టి కాలువ చూడబోతే అందులో మెరిసింది. మేస్త్రీ ఉదయం మొదట చేసే పని అదే, నిన్నటి పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం. అక్కడ పనిచేసిన హెన్రీ బిగ్లర్ ఆ రోజు తన డైరీలో రాసుకోబట్టే మనకు తేదీ తెలిసింది. పనివాళ్లకు వంట చేసే జెన్నీ విమ్మర్ ఆ ముక్కను సబ్బు కాచే క్షారపు నీళ్లలో వేసి కాచి, అది చెక్కుచెదరలేదని చూపించింది.

ఆ కాలువ తవ్విన కూలీల్లో ఆ ప్రాంతపు ఆదివాసులైన నిసెనాన్ తెగవాళ్లు ఉన్నారు. బంగారం దొరికాక సట్టర్ హడావిడిగా ఆ భూమిని వాళ్ల దగ్గర కౌలుకు రాయించుకున్నాడు. ఆ కాగితం మీద ఆమోదం వేయమని మాంటెరేలోని సైనిక గవర్నర్ రిచర్డ్ మేసన్‌కు పంపాడు. భూమిని కౌలుకిచ్చే హక్కు ఇండియన్లకు, అంటే అక్కడి ఆదివాసులకు, లేదని ఆయన తిప్పి పంపాడు. అంటే అంతవరకు వాళ్లు బతికిన నేల మీద వాళ్ల వేలిముద్ర కూడా చెల్లదన్నమాట. ఆ ఏడాది కాలిఫోర్నియాలో లక్షన్నర మంది దాకా ఆదివాసులు ఉండేవారని, 1870 నాటికి సుమారు 30 వేల మంది మిగిలారని చరిత్రకారుల అంచనా. మిల్లు మాత్రం రెండేళ్లు పలకలు కోసి పాడుబడింది.

కాబట్టి నా మనవి రెండు. పోయిన వారం బొమ్మకు సవరణ వేయండి. వచ్చే భాగంలో మార్షల్ పేరు, సట్టర్ పేరు ఎలాగూ వస్తాయి. వాటి పక్కన ఆ కాలువ తవ్విన నిసెనాన్ కూలీల గురించి, తిప్పి పంపిన ఆ కౌలు కాగితం గురించి, వంటపొయ్యి మీద పరీక్ష చేసిన జెన్నీ విమ్మర్ గురించి కనీసం ఒక పేరా అయినా రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక విశ్రాంత కోతమిల్లు మేస్త్రీ